సదరు దున్న వెంట గుర్వమ్మ

గుర్వమ్మకు దీపావళి అంటే భయం. పటాకుల చప్పుడుకు ఆమె భయపడదు. దీపావళి వెళ్లిన వెంటనే హైదరాబాద్‌లో సదరు పండుగ జరుగుతుంది. నగరంలోని యాదవ కుటుంబాలు తమ దున్నపోతులను అలంకరించి, బస్తీల్లో ఊరేగించి, జనం ముందు వాటితో విన్యాసాలు చేయిస్తాయి. అలా ఊరేగే దున్నల్లో ఒకటి నార్కట్‌పల్లికి దగ్గరలోని ఒక ఊళ్లో, గుర్వమ్మ ఇంటి కొట్టంలో పెరుగుతున్నది. ఊరేగింపులో దాని ముక్కుతాడు పట్టుకొని ముందు నడిచే మనిషి ఆమె భర్త బీరన్న.

దున్న వాళ్ల సొంతం కాదు. నగరంలో పాల వ్యాపారం చేసే పరశురాములు దానిని దూడగా ఉన్నప్పుడు కొన్నాడు. బస్తీలో కట్టేసే జాగా లేక ఈ దంపతుల దగ్గర ఉంచాడు. దాణాకు, మేపినందుకు నెలనెలా డబ్బు పంపుతాడు. గొర్రెల మంద రోగం తగిలి పోయిన తర్వాత ఆ ఇల్లు నిలబడింది ఈ దున్న మీదనే. నగరంలో, గోడల మీది పోస్టర్లలో దాని పేరు సికందర్. గుర్వమ్మ మాత్రం నల్లోడు అంటుంది.

ఆమె స్వభావరీత్యా పిరికి మనిషి కాదు. పుట్టింది దేవరకద్ర వైపు గొల్లల ఇంట్లో. చిన్నతనంలో ఎండాకాలం వస్తే తండ్రితో పాటు మంద వెంట కృష్ణ దాటి పోయేది. తోడేలును కర్రతో అదిలించిన సంగతిని ఆమె పక్కింటి కుక్కను తోలినంత మామూలుగా చెబుతుంది. అటువంటి మనిషి ఒక పండుగకు భయపడటం మొదలుపెట్టింది రెండేళ్ల కిందటి సదరు నుంచి బీరన్న తిరిగి వచ్చినప్పుడే.

అతను వచ్చిన తెల్లారి బోరింగు దగ్గర ఎడమ చేత్తో నీళ్లు కొడుతుంటే ఆమె చూసింది. అంగీ తొడుక్కునేటప్పుడు కూడా ముందు కుడి చేతిని సంచిలోకి దూర్చినట్టు మెల్లగా దూర్చి, ఆ తర్వాత మిగిలింది వేసుకుంటున్నాడు.

“ఏమాయె ఆ చెయ్యికి?”

“ఏంగాలే. కండ పట్టింది.”

“కండ పడితే కల్లు తాగేటప్పుడు గూడ లేవదా? చెప్పు.”

బీరన్న చెప్పాడు. ఊరేగింపులో దున్న ఒక్కసారి తల విసిరింది. తాడు మోచేతికి చుట్టుకొని భుజం కీలు జారింది. బస్తీలో ఎముకలు సరిచేసే ఒకాయన దానిని మళ్లీ ఎక్కించాడు గానీ, చెయ్యి భుజం పైకి లేవడం లేదు.

“సేటుకు చెప్పినవా?”

“చెప్తె ఇంకోనికిస్తడు దున్నను. ఇంక మనం ఏం దిందం? నువ్వు జర నోరు మూసుకో.”

ఆమె నోరు మూసుకుంది. ఏడాది పొడవునా ఒకే సంగతి ఆమె వెంట తిరిగింది. సదరులో జనం ఎదురుచూసే ఘట్టం దున్న వెనుక కాళ్ల మీద నిలబడటం. ముందున్న మనిషి కుడి చెయ్యి పైకెత్తి తాడు గుంజితే అది లేస్తుంది. ఎత్తాల్సిన ఆ చెయ్యే ఇప్పుడు లేవదు. దున్న బెదిరితే పట్టి ఆపగలిగే బలం కూడా ఆ చేతిలో లేదు. బీరన్న ఆ జంతువు ముందు, దాని కొమ్ములకు ఎదురుగా నడవాలి. ఈసారి ప్రాణం పోతుందని గుర్వమ్మకు నిశ్చయంగా అనిపించింది.

అందుకే మరుసటి సదరుకు దున్నను తీసుకుపోయే డీసీఎం బండి ఇంటి ముందు ఆగినప్పుడు ఆమె కూడా ఎక్కింది.

“నువ్వెటే?” అన్నాడు బీరన్న. “ఆడోళ్లు వస్తరా సదరుకు?”

“మరి నల్లోనికి కుడితి ఎవలు కలుపుతరు, నీ సేటు కలుపుతడా?”

డ్రైవర్ గిరి నవ్వాడు. “రానియ్యన్నా. కానీ అక్కా, మెత్తటి సీటు సికందర్‌కే. నువ్వు గడ్డి మీద గూసోవాలె.”

“గూసుంట. నువ్వు గుంతలల్ల ఎయ్యకుండ నడుపు చాలు.”

పరశురాములు ఇంటి వెనుక ఇనుప గేటు ఉన్న పాల కొట్టం ఉంది. అక్కడ దున్నకు వెంట్రుకలు గొరిగారు, కడిగారు, పెరుగూ నూనే రాసి తోమారు. కొమ్ములకు రంగు, మెడకు గవ్వల పట్టీ, కాళ్లకు గజ్జెలు, నెత్తి మీద నెమలి ఈకల కుచ్చు. తాను పేడ తీసి పెంచిన జంతువు ఇంత అందంగా ఉంటుందని గుర్వమ్మ అనుకోలేదు. ఆ మాట ఆమె దాచుకోలేదు. “పెండ్లికొడుకు లెక్క ఉన్నవ్ కద రా,” అని దాని మూతి నిమిరింది. బీరన్నకు సికందర్ బొమ్మ ఉన్న పసుపు పచ్చ బనీను ఇచ్చారు. దానిని తొడగడానికి ఆమె అతన్ని గేటు చాటుకు తీసుకుపోయి, కుడి చెయ్యి తానే ఎక్కించింది.

దీపాలు పెట్టే వేళకు ఊరేగింపు కదిలింది. రాష్ట్రం వచ్చిన తర్వాత సదరుకు జనం ఎంతో పెరిగారని ఆ బస్తీవాళ్లే అంటారు. ఒకప్పుడు డప్పు, తీన్మార్ దెబ్బ ఉండేవి. ఇప్పుడు లారీ మీద గోడంత స్పీకర్లు, రంగు లైట్లు, కాగితపు ముక్కలు ఊదే మిషన్లు. మలుపు దగ్గర పిల్లల కోసం చిన్న రంగులరాట్నం పెట్టారు. బజ్జీల బండి చుట్టూ గుంపు. మిద్దెల మీద ఆడవాళ్లు ఫోన్లు పట్టుకొని నిలబడ్డారు. గుర్వమ్మ తవుడు బస్తా, నీళ్ల డ్రమ్ము ఉన్న ట్రాలీ ఆటోలో దున్న వెనుకనే వస్తూ, ఈ వేడుకనంతా ఒకే లెక్కతో చూసింది. ఇది బెదిరితే ఎటు పోతుంది? కుడి వైపు గోడ. ఎడమ వైపు షామియానా కింద కుర్చీల్లో పిల్లలను ఒళ్లో పెట్టుకున్న తల్లులు. ముందర వేదిక. వెనుక ఈ ఆటో, దాని వెనుక పాటల లారీ. వచ్చిన దారిలో, పాల కొట్టం వైపు పోయే ఒక సందు మాత్రం ఉన్నది. దానిని దాటి వచ్చేశారు.

వేదిక మీద పరశురాములు మైకు అందుకున్నాడు. “సికందర్! లేవాలె! పట్నమంత చూడాలె!”

బీరన్న ఎడమ చెయ్యి ఎత్తి తాడు గుంజాడు. దున్న లేవలేదు. దానికి తెలిసింది కుడి చెయ్యి. అది మెడ పక్కకు తిప్పి అయోమయంగా నిలబడింది. అతను మళ్లీ గుంజాడు.

“ఏమన్నా, పొద్దుగాల బువ్వ తినలేదా?” అని ఎవరో అరిచారు.

“దున్నకు పెట్టిన బాదంపప్పు నువ్వు గింత తింటే లేస్తుండె!”

“సేటూ, నీ సికందర్ ముసలోడైండు! పెన్షన్ రాయించు!”

నవ్వులు లేచాయి. పరశురాములు ముఖం మాడిపోయింది. “అన్నా, లేపు!” అన్నాడు మైకులోనే. సరిగ్గా అప్పుడు వేదిక పక్కనున్న మిషన్ పేలినట్టు చప్పుడు చేసి, వెండి కాగితాల మబ్బును దున్న ముఖం మీదికి ఊదింది.

గుర్వమ్మ దున్న ముఖం చూడలేదు, పక్కటెముకల మీది చర్మం చూసింది. నున్నగా గొరిగిన ఆ చర్మం అలలు అలలుగా వణుకుతోంది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. పశువు తెంచుకుని దూకే ముందు ఒంటి మీద పాకే ఆ వణుకును మందల్లో పెరిగిన మనిషి పొరబడే అవకాశం లేదు. బెదిరిందని తెలియని మనుషులు రెండు పక్కల తాళ్లు పట్టుకొని దానిని ముందుకే, ఆ మిషన్ వైపే గుంజుతున్నారు. బీరన్న తాడును ఎడమ పిడికిలికి చుట్టేశాడు. చుట్టిన తాడు మనిషిని వదలదు. అది దూకితే అతను దాని కాళ్ల కిందికే పోతాడు.

ఆమె ఆటో దిగింది. దున్నకు హారతి ఇవ్వడానికి వస్తున్న ఇల్లాలు అనుకొని జనం తప్పుకొని దారి ఇచ్చారు. పక్క తాడు కింద నుంచి వంగి, బీరన్నకూ దున్నకూ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఒక అరచెయ్యి ముక్కు మీద, రెండోది రొమ్ము మీద పెట్టింది.

“యెన్కకు,” అంది దాని చెవిలో. “యెన్కకు రా బిడ్డా. యెన్కకు.”

ఊళ్లో వాళ్ల కొట్టం ఇంటి గోడకూ పక్కింటి గోడకూ మధ్య ఇరుకైన సందు. దున్న అందులో లోపలికి పోగలదు గానీ తిరగలేదు. అది దూడగా వచ్చినప్పటి నుంచి ప్రతి ఉదయం గుర్వమ్మ రొమ్ము మీద చెయ్యి ఆనించి, ఆ ఒక్క మాట అంటూ, వెనుకకు నడిపించి వాకిట్లోకి తెస్తుంది. అది ఎవరూ విద్యగా నేర్పలేదు. జాగా లేక అలవాటైంది.

బీరన్న భార్యను చూశాడు. పిడికిలికి చుట్టిన తాడు విప్పి పట్టుకొని, తల ఊపుతూ పక్కల వాళ్లను తాళ్లు వదులు చేయమన్నాడు. దున్న వెనుక కాలు ఒకటి కదిలింది. ఆగింది. మరొకటి కదిలింది. గుర్వమ్మ దానితో పాటు నడిచింది. లారీని, ఆటోను వెనక్కి తీయించారు. జనం చీలారు. ఎవరైనా దాని తోక ముట్టుకున్నా, ఒక్క పటాకు కాల్చినా అంతా అయిపోతుందని ఆమెకు తెలుసు. కానీ దున్న చెవిలో అంటున్న మాట ఆపి జనానికి చెప్పే వీలు లేదు.

మొదట జనం నవ్వడం ఆపారు. తర్వాత ఎవరో ఈల వేశారు. అది కొత్త విన్యాసమని జనానికి తోచింది. చప్పట్లు మొదలయ్యాయి. డప్పులవాళ్లు ఆమె అడుగుకు దరువు కలిపారు. దున్న చర్మం మళ్లీ వణికింది. ఆ చప్పట్లకు పడినంత భయం అంతకుముందు ఎన్నడూ పడలేదని గుర్వమ్మ అంటుంది. పాల కొట్టం సందు దొరికే దాకా ఆమె చెయ్యి తీయలేదు, ఆ మాట ఆపలేదు.

పాల కొట్టం గేటు మూసిన తర్వాత ఆమె నేల మీద కూలబడింది. బీరన్న ఎడమ పిడికిలి ఇంకా తెరుచుకోవడం లేదు. మెడలో పూలదండతో పరశురాములు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“వదినా! ఏం జేసినవ్ వదినా! జనం ఆగమాగమైతుండ్రు. ఫోన్లల్ల ఎక్కింది. ఎవ్వని దున్న గూడ యెన్కకు నడువలే ఇప్పటిదాంక!”

“సేటూ,” అంది గుర్వమ్మ. “ఆయన కుడిచెయ్యి లేవదు. పోయినేటి సదరు నుంచి లేవదు.”

బీరన్న తల వంచుకున్నాడు. పరశురాములు అతని వైపు, ఆమె వైపు చూశాడు.

“గట్లనా? నాకు చెప్పకపోతిరి!” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. “ఫికర్ చెయ్యకుండ్రి. దున్నను మీ తాన్నే ఉంచుత. లేపుడు బందు. వచ్చేసారి ముంగట నువ్వే ఉండు వదినా. ఆడమనిషి దున్నను యెన్కకు నడిపిస్తదంటే పట్నమంత వస్తది.”

“అది ఆట కాదు సేటూ. అది భయపడ్డది. సంపుతుండె.”

“సంపలే గద!” అని అతను నవ్వాడు.

ఇంటికి చేరిన మరునాటి ఉదయం ఆమె ఎప్పటిలాగే కొట్టంలోకి దూరి, చెయ్యి ఆనించి, “యెన్కకు” అంది. దున్న కదలలేదు. ఆమె అరచేతి కింద చర్మం అలలుగా వణకడం మొదలైంది. ఆ మాటతో పాటు ఆ గల్లీ, ఆ వెండి కాగితాలు, ఆ చప్పట్లు దానికి గుర్తొస్తున్నాయని ఆమెకు అర్థమైంది. ఆ రోజు తాడు కట్టి, బీరన్న, పొరుగువాళ్లు కలిసి గుంజితే గానీ బయటికి రాలేదు.

“తీస్కపొమ్మని చెప్పుదామా?” అని అడిగాడు బీరన్న.

“తీస్కపోయి ఇంకోని చేతుల పెడ్తడు. వానికి పెండ్లాం పిల్లలు ఉండరా?” అంది ఆమె. “ఉండనీ. తాడు మాత్రం నువ్వు పట్టవు. నేనే పడ్త.”

“నువ్వా? అది గిట్ల వణుకుతుంటేనా?”

ఆమె ఫోన్ అందుకుంది. కాగితపు మిషన్లు వద్దని పరశురాములుకు ఫోన్ చేసి చెప్పింది. చూద్దామన్నాడు. పోస్టర్‌కు ఆమె ఫోటో కావాలని అదే ఫోన్‌లో అడిగాడు.

ఇప్పుడు ఆమె రోజూ తెల్లవారగానే కొట్టంలోకి పోతుంది. మాట వాడటం మానేసింది. చెయ్యి ఆనించి నిలబడుతుంది. ఒక్కోనాడు వణుకు తొందరగా తగ్గుతుంది, ఒక్కోనాడు పొద్దెక్కే దాకా తగ్గదు. వానలు వెనుకబట్టాయి, పండుగ ఎంతో దూరం లేదు. బీరన్న పని వదిలి వాకిట్లోనే తచ్చాడుతుంటాడు.

“వస్తాందా?” అని బయటి నుంచి అడుగుతాడు.

“మాట్లాడకు జర.”

నల్లోడు వెనుక కాలు ఒకటి తీసి పెట్టి ఆగుతుంది. నడుము దాకా వెలుతురులో, మెడ ఇంకా చీకట్లో. గుర్వమ్మ కూడా అట్లాగే నిలబడి, అరచేతి కింద ఆ చర్మం నిమ్మళించే దాకా చూస్తుంది.