ఇంట్లో చెప్పని సెలవు

మా క్యాంటీన్‌లో ఉల్లిపాయలు తరిగే చోట, ఎదురు గోడకి ఒక కాగితం అంటించి ఉండేది. ఏదో తనిఖీ ఉందని క్యాంటీన్ కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు మనుషులు హడావుడిగా వచ్చి అంటించి పోయారు. పనివాళ్ళకి చట్టప్రకారం ఏమేం దక్కాలో దాని మీద హిందీలో, ఇంగ్లీషులో చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉండేది. పోపు పొగకి పసుపెక్కిపోయి, ఒక మూల ఊడి వేలాడుతుండేది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. గొప్ప కోసం చెప్పడం లేదు. రోజూ అన్నేసి ఉల్లిపాయలు తరగాలంటే కళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

కాన్పుకి జీతంతో సెలవు ఉంటుందన్న వాక్యం చదివేనాటికి నాకు మూడో నెల. మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. కన్నీళ్ళు ఉల్లిపాయల వల్లే అనుకుంటారని, హాయిగా ఏడ్చుకుంటూ సంతోషపడ్డాను. దాని కిందే ఇంకో వాక్యం ఉంది. గర్భస్రావమైతే ఆరు వారాల సెలవు, జీతంతో సహా. దాని మీద నుంచి చూపు గబుక్కున తిప్పేసుకున్నాను. అలాంటిది చదవడమే అపశకునమనిపించింది.

నేను ఈ ఇనుప గనుల ఊళ్ళోనే, బచేలీలో పుట్టాను. నాన్న గనిలో పర్మనెంటు ఉద్యోగి. ఆయనకి ఎన్ని రకాల సెలవులు ఉండేవో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు, పండగ ముందు రోజు అమ్మతో కూర్చుని ఏ సెలవుకి ఏ సెలవు కలపాలో మాట్లాడుకునేవారు. రిటైరయ్యాక క్వార్టరు తాళాలు అప్పగించి విజయనగరం వెళ్ళిపోయారు. రెండేళ్ళు తిరక్కుండా నాన్న పోయారు. అమ్మ అన్నయ్య దగ్గర ఉంటోంది. నేను మాత్రం కొంటా పక్క అబ్బాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. ఆయన ఠేకేదారు కింద డంపర్ నడుపుతాడు, నేను ఇంకో ఠేకేదారు కింద గనివాళ్ళ క్యాంటీన్‌లో వండుతాను. మా ఇద్దరికీ సెలవు ఒకటే రకం. రాకపోతే ఆ రోజు హాజరీ పడదు, జీతం రాదు, అంతే.

మాతో అత్త ఉంటుంది. మామ పోయాక ఊళ్ళో ఒంటరిగా ఎందుకని ఈయన తీసుకొచ్చాడు. ఇంట్లో తెలుగు, సంతలో ఆడవాళ్ళతో గోండీ, డాక్టరమ్మతో ముక్కలు ముక్కల హిందీ మాట్లాడుతుంది. మంచిదే. కానీ ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అంతకు ముందు ఏడు నాకు మొదటిసారి నెల తప్పగానే కొంటా దాకా, అక్కడి నుంచి ఏరు దాటి అవతలి ఒడ్డు బంధువుల దాకా ఫోన్లు చేసేసింది. మూడు నెలలకే అది పోయింది. అప్పుడు మళ్ళీ అందరికీ ఫోన్లు చెయ్యాల్సి వచ్చింది. ప్రతి ఫోన్‌లోనూ ఒకటే మాట, "ఏం బరువెత్తిందో ఏమో, చెప్తే ఇంటదా!" నేను పక్క గదిలోనే ఉండేదాన్ని. గుండిగ ఎత్తకుండా క్యాంటీన్‌లో ఎవరు ఉద్యోగమిస్తారో ఆమెనే అడగాలనిపించేది. అడగలేదు. మూడో రోజు పనిలోకి వెళ్ళి అదే గుండిగ ఎత్తాను. ఆ వేసవంతా నడుము పట్టేసి, నీరసంతో కళ్ళు తిరుగుతూ బతికాను.

అందుకే రెండోసారి ఆయనా నేనూ ఒట్టు పెట్టుకున్నంత పని చేశాం. అయిదో నెల నిండేదాకా అత్తకి చెప్పకూడదని. అత్తకే చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం.

నాలుగో నెల పడ్డ వారానికే, పప్పు గుండిగ దించుతుంటే కడుపులో మెలిపెట్టినట్టయింది. నాతో పాటు వంట చేసే మాడియా తెగ అమ్మాయి నా మొహం చూసి, ఒక్క మాట అడక్కుండా తన తువ్వాలు నా నడుముకి చుట్టి ఆటో ఎక్కించింది. ఆసుపత్రిలో అంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ బాగా కోప్పడింది. ఈసారైనా ఒళ్ళు కుదుటపడేదాకా పడుకో, బరువు ముట్టుకోకు, పిల్లలు కావాలా వద్దా అంది. కావాలన్నాను. అయితే పడుకో అంది. చీటీ రాసిచ్చింది. డ్యూటీ వదిలే వేళకే ఇల్లు చేరాను. ఎండ తగిలిందని చెప్పి పడుకున్నాను. వానాకాలంలో ఎండేమిటని అత్త అడగలేదు. నా అదృష్టం.

మర్నాడు చీటీ పట్టుకుని క్యాంటీన్ మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. ఆయనది శ్రీకాకుళం వైపు. చీటీ చదివి, చెవులు ఎర్రబడి, గరిటెల వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఇలాటివన్నీ ఎందుకమ్మా కాయితాల మీద? జరమని రాసీమీ. ఓ నాలుగు రోజులు ఇంటి కాడుండి వొచ్చీ."

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి గోడ దగ్గర నిలబెట్టాను. ఆ వాక్యం మీద వేలు పెట్టి హిందీలో చదివాను, మళ్ళీ తెలుగులో చెప్పాను. జ్వరానికి మీరు జీతమివ్వరు, దీనికి చట్టమే ఇమ్మంది, నాకు వచ్చింది జ్వరం కాదు అన్నాను. వంటవాళ్ళందరూ పని ఆపి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ వేలు మాత్రం తియ్యలేదు. ఠేకేదారు ఆఫీసుకి ఫోన్లు వెళ్ళాయి. సాయంత్రానికి సరేనన్నారు. ఈ ఊళ్ళో ఠేకా పనిచేసే ఆడది ఆ సెలవు తీసుకోవడం ఎవరూ ఎరగరట. ఆ రాత్రి ఏదో యుద్ధం గెలిచిన దాన్లా ఆయనకి చెప్పాను.

ఆయన లేచి వెళ్ళి అత్త నిద్రపోయిందో లేదో చూసి వచ్చాడు. తర్వాత మెల్లగా, "మరి అమ్మకేం చెప్తం?" అన్నాడు.

ఆ సంగతే నేను ఆలోచించలేదు. ఠేకా పనికి పోయేవాళ్ళు ఇంట్లో కూర్చున్నారంటే పనన్నా పోయి ఉండాలి, మనిషికన్నా ఏదో అయి ఉండాలి. క్యాంటీన్ మూసేశారని చెబుదామా అంటే, ఆయన మధ్యాహ్నం తిని రోజూ ఇంటికి తెచ్చే ఖాళీ టిఫిన్ డబ్బా ఆ క్యాంటీన్‌దే. మా అమ్మ దగ్గరికి విజయనగరం పోదామా అంటే, చూడగానే కనిపెట్టేస్తుంది, అన్నావదినలకి తెలుస్తుంది, అక్కణ్ణుంచి అత్తకి ఎంతసేపు. పైగా అన్ని గంటలు రైల్లో కూర్చునే ఓపిక నాకు లేదు.

"అమ్మ తట్టుకోలేదు. పోయినేడు జూసినవ్ గదా. పొద్దుగాల డ్యూటీకి పోయినట్టే పో. యాడన్న నీడపట్టున కూసో," అన్నాడు.

"ఆరు వారాలు పోయినట్టే పోయి, వచ్చినట్టే రావాలా?" అన్నాను. తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు. తల్లి ఏడుపు ఒక్కటే ఆయన చూడలేడు. నా ఏడుపు చూడగలడని కాదు, నేను ఆయన ముందు ఏడవను.

అలా మొదలైంది నా సెలవు. తెల్లారే లేచి, స్నానం చేసి, క్యాంటీన్ చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరేదాన్ని. మొదట స్టేషన్‌కి వెళ్ళాను. బెంచీ మీద కూర్చుంటే ఎవరూ ఏమీ అనరనుకున్నాను. మా స్టేషన్‌లో మనుషుల రైళ్ళు తక్కువ, ఖనిజం మోసే గూడ్సులే ఎక్కువ. ఒకదాని వెనక ఒకటి, ఎర్రటి నీళ్ళు కారుస్తూ పోతుంటాయి. మూడు రోజులయ్యేసరికి పోలీసు వచ్చి ఏ బండికని అడిగాడు. ఏ బండికీ కాదన్నాను. అయితే ఇక్కడెందుకన్నాడు. ఆడమనిషి ఊరికే కూర్చుంటే ఈ దేశంలో ఎవడికైనా సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

తర్వాత ఆసుపత్రి హాల్లో కూర్చున్నాను. అక్కడ తెలిసినవాళ్ళు కనబడితే ఎవరికి బాగాలేదని అడుగుతారు. గుడికి పోదామంటే ఆ ఒంటితో మనసొప్పలేదు. ఒకరోజు కాళ్ళు వాటంతటవే టౌన్‌షిప్‌లోకి, నేను పుట్టి పెరిగిన క్వార్టరు ముందుకి తీసుకెళ్ళాయి. ఎవరివో పసిపిల్లల బట్టలు వరండాలో తాడు మీద ఆరేసి ఉన్నాయి. నిమిషం కూడా నిలబడలేకపోయాను. పుట్టిల్లు కూడా కంపెనీదే అయితే ఆడపిల్ల పరిస్థితి ఇంతే, తాళాలతో పాటు అదీ అప్పగించేస్తారు.

ఒళ్ళు ఇంకా మామూలుగా కాలేదు. నడుం వాల్చడానికి అరచేతి మేర చోటు లేదు. వాన కురుస్తూనే ఉంది. సాయంత్రం ఇంటికొస్తే అత్త నీళ్ళు కాచి పెట్టేది, "పని బాగ జేపిస్తుండ్రా బిడ్డా, గట్ల వాడిపోయినవ్," అనేది. ఆమె జాలికి నాకు కోపం వచ్చేది. నిజం చెప్పి ఆ కోపం తీర్చుకోవాలనిపించేది. అన్నం తిని గిన్నెలు తోమేదాన్ని.

రెండో వారం సగంలో ఇంక నా వల్ల కాలేదు. నేరుగా క్యాంటీన్‌కి వెళ్ళిపోయాను. బరువులెత్తను, పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతానన్నాను. వెచ్చగానన్నా ఉంటుంది, పైన కప్పుంటుంది. మేస్త్రీ నన్ను చూసి కంగారుపడిపోయాడు.

"ఏటమ్మా ఇది, ఇలాగొచ్చీసేవు? సెలవులో ఉన్న మనిషివి నిన్ను లోపలికి రానిస్తే నా పీక మీదకొస్తాది. ఆ ఆరు వారాలూ పనిలో ఎట్టుకోకూడదని అదే కాయితంలో ఉందట. ఆఫీసోళ్ళు ఫోన్ చేసి మరీ చెప్పేరు."

నేను అది కూడా చదివే ఉంటాను. పట్టించుకోలేదు. చట్టం పనిలోంచి తప్పించగలిగింది, అక్కడితో దాని చెయ్యి ఆగిపోయింది. ఇంట్లోకి వచ్చి మంచం వేసిపెట్టమంటే అదెక్కడ వేస్తుంది. మేస్త్రీ టీ పోసి ఇచ్చాడు. మాడియా అమ్మాయి పీట ఇటు జరపబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. టీ సగం తాగి బయటికొచ్చాను. గొడుగు అక్కడే మర్చిపోయానని సగం దారిలో తెలిసింది. వెనక్కి వెళ్ళే ఓపిక లేదు.

తడిసి ముద్దై ఇంటికి వచ్చేసరికి అత్త వంటింటి గడపలో కత్తిపీట ముందు కూర్చుని కూరకి వెదురు మొలకలు తరుగుతోంది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది.

"పని పోయిందా ఏంది?"

"పోలేదు. సెలవు."

"సెలవేంది? ఎవలిచ్చిండ్రు?"

అప్పుడు చెప్పేశాను. గుమ్మంలోనే నిలబడి, చీర చివర్ల నుంచి నీళ్ళు కారుతుంటే, మొత్తం చెప్పాను. నెల తప్పింది దగ్గర్నుంచి స్టేషన్ పోలీసు దాకా. గొంతు పెంచి, ఆమె అరుస్తుందని ముందే అరిచి మాట్లాడాను. ఫోన్ ఎక్కడుందో ఓరకంట చూస్తూనే ఉన్నాను.

ఆమె ఫోన్ వైపు చూడలేదు. చేతిలో ముక్క పళ్ళెంలో వేసింది.

"ఎన్ని దినాలిచ్చిండ్రు?"

"ఆరు వారాలు."

"జీతంతోని?"

"జీతంతోనే."

"ఊకె పండుకోనీకెనా?"

"పడుకోడానికే అత్తా."

ఆమె ఇంకో మొలక తీసి కత్తిపీటకి ఆనించింది. తర్వాత ఆమె నాతో కాదు, ఆ వెదురు ముక్కలతో చెబుతున్నట్టు మాట్లాడింది.

"నాకు రెండు పోయినయ్. నీ పెనిమిటికి ముందుగాల ఒకటి, ఎన్క ఒకటి. రెండూ నాట్లప్పుడే. తెల్లారి మడిలకు దిగిన. బురదల వంగితె కాళ్ళెంట కారుతనే ఉన్నది. మడిల నీళ్ళు గద, ఎవలకు కనవడది. మీ మామకు గూడ చెప్పలే. ఎవలు అడగలే."

పోయిన ఏడు అన్ని ఫోన్లు చేసిన మనిషి తనవి రెండింటినీ ఇన్నేళ్ళు ఎక్కడ దాచిందో నాకర్థం కాలేదు. ఆమె గోడ పట్టుకుని లేచింది. నా పక్క నుంచే నడిచి వెళ్ళి, నేను వారం పైగా కలలు కంటున్న ఆ మంచం మీద, గోడ వైపు తిరిగి పడుకుంది. పగలు ఆమె నడుం వాల్చడం నేనెన్నడూ చూడలేదు.

అబద్ధమెందుకు, నాకు కోపమొచ్చింది. ఇంట్లో ఉన్నది ఒకటే మంచం. సెలవు నాది, దానికోసం పదిమందిలో నా మానం నేనే తీసుకున్నాను. లేవమని అడుగుదామనే దగ్గరికి వెళ్ళాను. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

"అత్తా," అన్నాను.

"రేపటి సంది నువ్వే పండుకో బిడ్డా. నేను జేసి పెడత," అంది ఇటు తిరక్కుండానే. "ఇయ్యాల ఒక్క దినం నన్ను పండుకోనియ్యి."

సరేనన్నాను. దుప్పటి తెచ్చి కప్పి, తడి చీర మార్చుకుని, వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాను.