బొచ్చు కాలరు తొడుక్కున్న అహింస

ఆ రోజుల్లో మా చేవెళ్ల వైపు ఎవరింట్లోనైనా ఒక పిల్లవాడికి కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందంటే, ఆ ఇంట్లో వాడి మాటకు ఉన్నట్టుండి బరువు పెరిగేది. నిన్నటిదాకా "నీకేం తెల్వదు, ఊకో" అన్న తండ్రి, మర్నాటి నుంచి బోరు ఎక్కడ వేయించాలో కూడా వాడినే అడిగేవాడు. (బోర్ల గురించి నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అయినా చేనులో ఒక మూల చూపించాను. నీళ్లు పడలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు.) ఇరవై రెండేళ్లకే అంత గౌరవం దొరికితే మనిషి ఏదో ఒక సిద్ధాంతం పట్టుకోకుండా ఉండలేడు. నేను పట్టుకున్నది శాకాహారం.

దానికి కారణం ఒక కోడి. రోజూ పొద్దున్నే బైకు మీద మొయినాబాద్ మీదుగా మాదాపూర్‌లో ఆఫీసుకు వెళ్లేవాణ్ని. ఒకనాడు మొయినాబాద్ దాటగానే కోళ్ల వ్యాను ఒకటి నా ముందుకొచ్చింది. ఇరుకు రోడ్డు, ఎదురుగా వరసగా లారీలు, దాటిపోయే వీల్లేదు. వ్యాను వెనక జాలీలోంచి ఒక తెల్ల కోడి తల బయటపెట్టి, దారి పొడవునా నన్నే చూసింది. నిందగా చూసిందో, ఊరికే చూసిందో ఇప్పటికీ చెప్పలేను. కానీ ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో చికెన్ బిర్యానీ ముందు కూర్చుంటే నాకు చెయ్యి కదలలేదు. ఆ వారమే ఎవరో ఒక ఫార్వర్డ్ మెయిల్ పంపారు. చలిదేశాల్లో నక్కల్ని, కుందేళ్లని బోనుల్లో పెంచి, బొచ్చు కోట్ల కోసం తోలు తీస్తారని, ఫోటోలతో సహా ఉంది. చూస్తుంటే నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని ఆఫీసులో అందరికీ పంపాను. (మేనేజరుకు కూడా. ఆయన తన తోలు బెల్టు సవరించుకుంటూ, పని చూసుకొమ్మన్నాడు.) ఇంట్లో మాంసం కూర ముట్టనని చెబితే అమ్మ నా నుదురు పట్టి చూసి, జ్వరం లేదని తేలాక దిష్టి తీసింది.

సరిగ్గా అప్పుడే మా చెల్లెకు షాబాద్ సంబంధం కుదిరింది. అబ్బాయి స్కూల్లో సారు, నెమ్మదస్తుడు. అబ్బాయి పెదనాయన మాజీ సర్పంచు. పదవి పోయినా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు, మేమూ సర్పంచు మామ అనే పిలిచేవాళ్లం. ఆ ఇంట్లో ఆయన మాటే చివరి మాట. నిశ్చితార్థం దావతు మా ఇంట్లో. బాపు అప్పటికే రెండు పొట్టేళ్లను తెచ్చి కొట్టంలో కట్టేశాడు. నేను వాటిని చూసి, మనింట్లో జీవహింస వద్దని ప్రకటించాను.

"మరేం పెడుదాం?" అన్నాడు బాపు.

"పనీరు, పుట్టగొడుగులు, మీల్‌మేకర్."

"మీల్‌మేకర్ అంటే ఏంది?"

"సోయా ముక్కలు బాపు. చూస్తానికి మటన్ తీర్గనే ఉంటయి."

"మటన్ తీర్గ ఉండాల్నంటే మటనే పెట్టొచ్చు గద" అంది అమ్మ వంటింట్లోంచి. చెల్లె మాత్రం నా పక్కన వచ్చి కూర్చుని మెల్లగా అడిగింది. "అన్నా, నువ్వు తినకు, నిన్నెవరన్నా బలవంతం చేసిన్రా? మా అత్తగారోళ్లతోని ఎందుకు పత్తెం చేపిస్తున్నవ్?" ఆ పిల్ల గొంతులో భయం ఉంది. నాకు వినిపించింది కూడా. కానీ సిద్ధాంతం ఉన్నవాడికి ఎదుటివాళ్ల భయం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. బాపుకు నా మాట కాదనే ధైర్యం లేదు, వియ్యాలవారికి చెప్పే ధైర్యం అంతకంటే లేదు. "ఐతారం మాట్లాడనీకి వాళ్లొస్తున్నరు. నువ్వే చెప్పు" అని తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

ఆదివారం పొద్దున చలి బాగా ఉంది. నేను నా జాకెట్ వేసుకున్నాను. దాని గురించి రెండు మాటలు చెప్పాలి. కోఠిలో ఫుట్‌పాత్ మీద కొన్న నల్ల జాకెట్ అది. మెడ చుట్టూ గోధుమరంగు బొచ్చు కాలరు, చెంపకు తగిలితే మెత్తగా, హాయిగా ఉండేది. అమ్మినవాడు "ఫారిన్ మాల్ సాబ్" అన్నాడు. అది వేసుకుంటే నేనేదో మంచుదేశపు అధికారిలా ఉంటానని నా నమ్మకం. (మా అమ్మ నమ్మకం వేరు. ఎలుగుబంటిని ఆడించేవాడిలా ఉంటానని.) సర్పంచు మామ, ఆయన తమ్ముడు, పెళ్లికొడుకు వచ్చి వాకిట్లో కుర్చీల్లో కూర్చున్నారు. బాపు నావైపు చూసి తల దించుకున్నాడు. నేను గొంతు సవరించుకుని కోళ్ల వ్యానుతో మొదలుపెట్టి, నక్కల బోనుల దాకా వెళ్లాను. సర్పంచు మామ ఓపిగ్గా అంతా విన్నాడు.

"అల్లుడా, నక్కల తోలు తీసేటోడు యాడనో ఉన్నడు. దానికి మా షాబాదోళ్లు పప్పుచారు ఎందుకు తాగాలె?"

"తోలు తీసినా, కూరొండినా జీవం ఒక్కటే మామ. రుచి కోసం, సోకు కోసం చంపే హక్కు మనకు లేదు."

"మా ఊరోళ్లను దావతుకు పిలిచి పెరుగన్నం పెడితే, వాళ్ల ముంగట నా ముఖమేం కాను? ఇట్లయితే జర ఆలోచన చెయ్యాలె బావా" అన్నాడు బాపువైపు తిరిగి. ఆ 'ఆలోచన' అనే మాటకు బాపు ముఖం పాలిపోయింది. తలుపు వెనక చెల్లె గాజులు చప్పుడయ్యాయి. నేను ఇంకేదో అనబోతుంటే సర్పంచు మామ చూపు నా మెడ దగ్గర ఆగింది.

"సోకు అంటివి గద. మరి నీ మెడకున్నదేంది?"

"ఇది ప్లాస్టిక్ మామ. మిషన్ల మీద చేస్తరు."

"నీకెట్ల తెల్సు?"

ఇక్కడ మాట మార్చే అవకాశం ఉంది. తెలివైనవాడు చాయ్ తెమ్మని లోపలికి వెళ్లేవాడు. కానీ ఆ మెయిల్లో చివర ఒక పరీక్ష రాసి ఉంది: ఒక పోగు కాలిస్తే నకిలీ బొచ్చయితే కరిగి ముద్దవుతుందని, అసలుదైతే వెంట్రుకలా మాడుతుందని. "ఇప్పుడే చూపిస్త" అన్నాను. కాలరు నుంచి చిన్న కుచ్చు పీకి, బాపు దగ్గర అగ్గిపెట్టె తీసుకుని, అందరికీ కనపడేలా ముందుకు వంగి అంటించాను.

అది కరగలేదు. చిటపటమని ముడుచుకుని మాడింది. వాసన వాకిలంతా వ్యాపించింది. పండుగనాడు కోసిన యాట తలకాయ, కాళ్లు మంట మీద కాలుస్తుంటే వీధి వీధంతా వచ్చే వాసన అది. మా వైపు పుట్టినవాళ్లకు దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. అంతలో అమ్మ చాయ్ పళ్లెంతో బయటికొచ్చి, ముక్కు ఎగబీల్చి, "అప్పుడే తలకాయ కాలుస్తున్నరా? దావతుకు ఇంక వారం ఉన్నది గద" అంది.

సర్పంచు మామ భుజం మీది కండువా జారిపోయేదాకా నవ్వాడు. ఆయన తమ్ముడు నవ్వాడు. బాపు నవ్వకూడదని పెదవులు బిగబట్టి, దగ్గు వచ్చినట్టు లేచి గోడవైపు తిరిగాడు. తలుపు వెనక చెల్లె కూడా నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. నేను జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లో ఉన్నదేమిటో గుర్తొచ్చి కింద పెట్టాను. "చలి పెడుతలేదా అల్లుడా?" అన్నాడు మామ. లేదన్నాను, పళ్లు టకటకలాడుతుంటే. నవ్వుతో ఆయన కోపం పోయింది. "మరి యాటలు రెండు సాల్తయా బావా?" అంటే, బాపు నావైపు చూడకుండా "మూడోది చెప్పి పెట్టిన" అన్నాడు. (ఎప్పుడు చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.)

దావతు ఘనంగా జరిగింది. నేను తినలేదు కానీ వడ్డించాను. అది సర్పంచు మామ వేసిన శిక్ష. పెళ్లికొడుకు దగ్గరికి గిన్నెతో వెళితే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "పన్ను నొప్పి" అన్నాడు. ఆయన ముక్కలన్నీ పక్కనున్న పెదనాయన విస్తరిలోకి ఎప్పుడో చేరిపోయాయి. బగారన్నంలో పప్పుచారు కలుపుకుని నిమ్మళంగా తింటున్నాడు. తర్వాత చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర ఆయన్ని పట్టుకున్నాను.

"బావా, ఈ పన్ను నొప్పి ఎప్పటి సంది?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "చిన్నప్పటి సంది. నేను సాదిన పొట్టేలును మా తమ్ముని పుట్టెంటికలకు కోసిన్రు. ఆనాటి సంది తినబుద్ధి కాదు."

"ఇంట్ల తెల్వదా?"

"మా అమ్మకొక్కదానికే తెల్సు. చెప్తే అందరు తినుడు బందువెట్టి నన్నే చూస్తరు." చేతులు తుడుచుకుంటూ, "ఆ రోజు నువ్వు మాట్లాడుతుంటే నా పాణం లేచొచ్చింది బావా. నేను గూడ ఒక మాట కలుపుదామనుకున్న. గంతల నువ్వు అగ్గిపుల్ల గీస్తివి" అన్నాడు.

నా శాకాహారం వానాకాలం దాకా నిలిచింది. ఒక ముసురు సాయంత్రం మొయినాబాద్ దగ్గర దాబాలో స్నేహితులు ఏమీ బలవంతం చేయకుండానే పోయింది. బావ మాత్రం ఈనాటికీ ముట్టడు, ఈనాటికీ ఎవరికీ చెప్పడు. ఇప్పుడు ఆదివారాలు మటన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడినప్పుడు నాకు ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. వాడు ఎదురుపడితే నాకు తప్పకుండా ఉపన్యాసం ఇస్తాడు. ఇవ్వనిస్తాను, మధ్యలో అడ్డురాను. అంతా అయ్యాక వాడి ముందు నా జవాబులేవీ పనికిరావని ఒప్పుకుని, నెమ్మదిగా సంచిని వీపు వెనక దాచుకుంటాను.