కొట్టివేతలు లేని పుస్తకం

ఎనభైల చివరలో మేము గుంతకల్లులో ఉన్నప్పుడు, మా ఆడబిడ్డ స్టేషను రోడ్డులో ఒక టైపింగు షాపులో పనిచేసేది. భర్త పోయాక ఆమెకు దొరికిన ఆధారం ఆ ఉద్యోగమే. ఆ ఏడు షాపులోకి ఒక కంప్యూటరు వచ్చింది. ఉత్తరాలూ జాబితాలూ తెరమీదే దిద్దుకొని, తర్వాత ప్రింటరులో అచ్చు తీయవచ్చు. చిక్కల్లా కరెంటుతోనే. అది పోయి వచ్చిన ప్రతిసారీ, కుడి అంచు ఎంత, లైను ఎక్కడ విరగాలి, ట్యాబు ఎన్ని అక్షరాలకొకటి, అన్నీ ఆ మిషను మరిచిపోయేది. మళ్లీ మనమే చెప్పాలి.

బళ్లారి నుంచి వచ్చిన ఒకాయన వారంపాటు నేర్పి వెళ్ళాడు. అతను చెప్పినవన్నీ ఆమె పాడైన టైపు కాగితాల వెనక రాసుకుంది. కొట్టివేతలు, బాణాలు, మూలల్లో అంకెలు. షాపు యజమాని విసుక్కున్నాడు.

“ఏమమ్మా, నువ్వు ఈ కాగితాల్లో ఎతికేలోపల మళ్లీ కరెంటు పోతాది. ఈ నెల చూస్తా. కాకుంటే బళ్లారి ఆయప్పనే పెట్టుకుంటా.”

ఆ సాయంత్రం ఆమె ఆ కట్టంతా తెచ్చి నా ముందు పెట్టింది.

“వదినా, నీ చేతిరాత బాగుంటాది. పుస్తకంలో ఎత్తి రాసిస్తావా?”

“నాకేం తెలుసు పాపా? ఆ మిషను మొగమే చూళ్లేదు నేను.”

“మిషను మొగం నేను చూసుకుంటాలే. నువ్వు కాగితం మొగం చూడు.”

నేను బడికి పోలేదు. తెలుగూ, ఇంగ్లీషు అక్షరాలూ నాయన ఇంట్లోనే నేర్పించాడు. శ్రీరామ అని మొదలుపెట్టిన పుస్తకంలో కొట్టివేత ఉండకూడదనేవాడు. అక్షరమున్న కాగితాన్ని పారేయకూడదనీ, పొయ్యిలో పెట్టకూడదనీ అనేవాడు. కొత్త నోటుబుక్కుకు పసుపు పెట్టి, మొదటి పేజీలో శ్రీరామ రాసి, మూడు మధ్యాహ్నాలు కూర్చుని, ఒక్కో అమరికకు ఒక్కో పేజీ చొప్పున రాశాను. కొట్టేసి ఉన్నవి వదిలేశాను. పాత కాగితాలను గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పటాల వెనక పెట్టాను.

పది రోజులు పుస్తకం బాగా నడిచింది. “ఎవురు రాసినారమ్మా, ముత్యాల మాదిరి ఉండాది,” అన్నాడట యజమాని. ఆ మాటకు నేను మురిసిపోయాను కూడా.

తర్వాత విడపనకల్లు వైపు పల్లెల నుంచి, వాన లేక ఎండిపోయిన చేల జాబితా వచ్చింది. వెడల్పు కాగితం మీద, రైతుకొక లైను. సాయంత్రానికి ఇవ్వాలి. పదకొండింటికి ఆడబిడ్డ చెమటలు కక్కుతూ ఇంటికి వచ్చింది. చేతిలోని అచ్చు కాగితం మీద రైతు పేరు ఒక లైనులో ఉంది, అతని శనక్కాయల ఎకరాలు కింది లైనులో పడ్డాయి.

“అంచు అరవై అయిదు అని రాసినావు వదినా. అదే పెట్టినా. వెడల్పు కాగితానికి వేరే ఏదో చెప్పినాడు ఆయప్ప, నాకు గుర్తుకు రాలే. షాపు అన్న బళ్లారికి ఫోను చేస్తానంటాండాడు.”

నేను గూట్లోంచి మూట దించాను. మూడో కాగితంలో అరవై అయిదు పక్కన, అడ్డగీతతో కొట్టేసిన నూట ముప్పై. దాని కిందే, అదీ కొట్టేసి, ‘లైను విరగనీయొద్దు’ అని. అతను ముందు వెడల్పు కాగితానికి చెప్పి, తర్వాత ఉత్తరాలకు మార్చి చెప్పాడు. ఆమె తొందరలో మొదటిదాన్ని కొట్టేసింది. కొట్టేసినదంతా తప్పేనని నేననుకున్నాను.

“నేనే కదా కొట్టేసింది,” అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

“నువ్వు కొట్టేసినా కనపడతానే ఉండాది పాపా. నేను పుస్తకంలో లేకుండానే చేసేసినాను.”

ఆ కాగితం పట్టుకొని పరుగున వెళ్ళింది. దీపం పెట్టే వేళకు తిరిగి వచ్చి, జాబితా ఇచ్చేశామనీ, ఫోను సంగతి యజమాని మళ్లీ ఎత్తలేదనీ చెప్పింది. ఆ కాగితాలను కాపాడి ఇచ్చినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. పుస్తకం అడిగి తీసుకున్నాను. అరవై అయిదు మీద గీత కొట్టి, కింద రెండు వరుసలు రాశాను: ఉత్తరాలకు ఇది, వెడల్పు జాబితాలకు ఇది.

శ్రీరామ అని మొదలుపెట్టిన పుస్తకంలో నేను కొట్టిన మొదటి గీత అది.