వినకుండా చెరపను

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను రామన్నపేట దగ్గర ఒక చిన్న రేడియో కేంద్రంలో చేరాను. నాట్లు వేసే ఆడవాళ్ల పాటలు రికార్డు చేసి, వాటిని భద్రపరచడం నా పని. కొన్నేళ్లకు కంప్యూటరు డిస్కు నిండిపోయింది. పాటలన్నీ బ్యాకప్ డిస్కులోకి ఎక్కించాక మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కాపీ అయిపాయె గద. పాత డిస్కు ఖాళీ చెయ్యి. కొత్త ప్రోగ్రాములకు జాగా గావాలె."

"ఇనకుంట చెరప సార్."

"పేర్లన్నీ కనవడ్తున్నయి. సైజు గూడ సరిపోయింది. ఇంకేం ఫికరు?"

"పేరు కనవడితే పాట ఉన్నట్టేనా?"

ఆయన ముందే బ్యాకప్‌లోంచి ఒక పాట తెరిచాను. ఆ ఏడాదే చనిపోయిన ఒక అవ్వ పాడిన పాట అది. మొదటి చరణం బాగానే వినిపించింది. తర్వాత గరగర. ఆపైన ఏమీ లేదు. పాత డిస్కులో మాత్రం చివరిదాకా ఉంది.

మేనేజరు ముఖం చిన్నబోయింది, మాట మాత్రం తగ్గలేదు.

"గదొక్కటి మళ్ల ఎక్కించుకో. మిగిలినయి చెరిపెయ్."

"ఇంకేవేవి పోయినయో మీకెట్ల ఎరుక?"

నాకు కోపం వచ్చింది. ఆ అవ్వ బురదలో నిలబడి, నా మైకు కోసం పాటను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఇంకోసారి పాడమని అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

"నీ కొలువు పోతది, చూస్కో."

"తీసేయుండ్రి. నేనున్నన్ని రోజులు మాత్రం దాని మీద చెయ్యి వెయ్యనియ్య."

పాత డిస్కును బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆయన నన్ను తీసేయలేదు. ఆ పని చేసేవాళ్లు వేరే లేరు మరి. బ్యాకప్ డిస్కే పాడైందని తేలాక, కొత్తది తెప్పించి అన్నీ మళ్లీ ఎక్కించాను. ఒక్కో పాటకు కంప్యూటరు లెక్కగట్టి ఇచ్చే గుర్తు అసలుకూ కాపీకీ ఒకటేనా అని సరిచూశాను. అది చాలదని అన్నీ చెవులారా విన్నాను. ఇంకో కాపీని, ఆయనకు చెప్పే, మా సొంతూరు కొత్తకోటలో మా ఇంట్లో దాచాను. నాకు మొండితనం ఎక్కువని కేంద్రంలో పేరు పడింది.

సంవత్సరీకానికి ముందు ఆ అవ్వ కూతురు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది. పాట వింటూ, మధ్యలో తల్లి దగ్గిన చోట నవ్వి, కళ్లు తుడుచుకుంది.

"గా దగ్గు కోసేసి ఇయ్యి," అన్నాడు మేనేజరు వెనకనుంచి.

"వద్దు బిడ్డా, గట్లనే ఉండనియ్యి," అంది ఆమె నాతో. "మా అమ్మ గట్లనే దగ్గుతుండె."

ఉన్నది ఉన్నట్టే ఎక్కించాను. చేతికిచ్చే ముందు పెన్‌డ్రైవ్‌లోంచి మరోసారి మొత్తం వినిపించాను. మేనేజరు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. నిలబడనీ అనుకున్నాను.