పరీక్షకు ముందు ఇచ్చే కాగితం

తెలంగాణ వచ్చిన రెండో ఏడు, వానాకాలంలో, నన్ను ఆడవాళ్ల వార్డు నుంచి ఎండోస్కోపీ గదికి మార్చారు. నల్లగొండ జిల్లాలోని ఆ దవాఖాన పేరు ఇక్కడ రాయను. అప్పటికే నేను ఆయాగా పద్నాలుగేళ్లు చేసి ఉన్నాను. మా ఆయన అక్కడే వార్డు బాయ్‌గా పనిచేసేవాడు. ఆయన పోయాక ఉద్యోగం నాకిచ్చారు. చేరేటప్పుడు ఐదో తరగతి చదివానని చెప్పాను. నిజానికి నాకు వచ్చింది సంతకం ఒక్కటే. అది కూడా ముగ్గు వేసినట్టు చూసి నేర్చుకున్నది.

ఆ గదిలో రెండు రకాల పరీక్షలు జరిగేవి. సన్నని గొట్టం చివర కెమెరా ఉంటుంది. దాన్ని నోటి నుంచి పంపి కడుపు లోపల చూడటం ఒకటి. మేము పై పరీక్ష అనేవాళ్లం. వెనక నుంచి పంపి పెద్దపేగు మొత్తం చూడటం రెండోది, కింది పరీక్ష. పెద్దపేగు క్యాన్సర్ చాలామందిలో పులిపిరి లాంటి చిన్న కండగా మొదలవుతుందని, ముదరడానికి ఏళ్లు పడుతుందని, ఆలోపు కనబడితే ఆ గొట్టంలో నుంచే తీగ పంపి కత్తిరించవచ్చని డాక్టరు గారు కొత్త నర్సులకు చెప్తుంటే విన్నాను. అయితే పేగులో మలం ఉంటే కెమెరాకు ఏమీ కనబడదు. అందుకని ముందురోజు గంజినీళ్లు, పాలు లేని చాయ్ లాంటివి మాత్రమే తీసుకోవాలి. పొడి ప్యాకెట్లు రెండు లీటర్ల నీళ్లలో కలిపి, విరేచనం నీళ్లలాగా వచ్చేదాకా తాగాలి. పై పరీక్షకు ఇదంతా అక్కర్లేదు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వస్తే చాలు.

ఈ సూచనలు అచ్చు వేసిన కాగితాన్ని, ప్యాకెట్లను రోగికి ఇచ్చి పంపడం నా పని. పై పరీక్షకు పసుపు కాగితం, కింది పరీక్షకు నీలం కాగితం. రంగు చూసి ఇచ్చేదాన్ని. విషయమంతా కంఠతా వచ్చు కాబట్టి, వరసల మీద వేలు జరుపుతూ చదువుతున్నట్టే చెప్పేదాన్ని. ఎవరికీ అనుమానం రాలేదు.

ఒక సోమవారం స్టోరులో రంగు కాగితం అయిపోయింది. సిస్టరు, అంటే స్టాఫ్ నర్సు, రెండు రకాల సూచనలనూ తెల్ల కాగితం మీదే తీయించింది. ఒక కట్టను బల్లకు ఎడమ పక్కన, ఇంకో కట్టను కుడి పక్కన పెట్టి, "ఇయ్యాల అన్నీ తెల్లయే వచ్చినయి యాదమ్మా, జర చూసి ఇయ్యి" అన్నది. ఎడమది పై పరీక్ష, కుడిది కింది పరీక్ష అని మనసులో పెట్టుకున్నాను. పదకొండు గంటలప్పుడు టెక్నీషియన్ బల్ల తుడిచి కట్టలు మళ్లీ సర్దాడు. అటూ ఇటూ అయ్యాయేమోనన్న శంక నాకు కలిగింది. సిస్టరును అడిగితే, చూస్తే తెలియదా అంటుంది. అడగలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లలో హుసేన్‌బీ ఒకరు. హాలియా దగ్గరి పల్లె. ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేది, యాభై లోపు మనిషి. ఏడాదిగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలనుకొని ఆకు పసరు తాగింది. ఇంటర్ చదివే బిడ్డ జరీనాకు కూడా చెప్పలేదు. ఒకనాడు కళ్లు తిరిగి మిషన్ మీద పడితే, ఒంట్లో రక్తం బాగా తగ్గిందని తేలి మా దగ్గరికి పంపారు. డాక్టరు గారి గదిలోకి పోయే ముందు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"మగాయనకు గీ ముచ్చట ఎట్ల చెప్పాలె అక్కా?"

"ఆయన దినాం చూసేది గదే చెల్లె. నీదేమన్న కొత్త రకమా?" అన్నాను.

నవ్వి లోపలికి పోయింది. అంతా చెప్పింది. డాక్టరు గారు నాలుగు రోజులకే కింది పరీక్షకు తేదీ రాశారు. బయట జనం ఎక్కువగా ఉన్నారు. నోటితో చెప్పే తీరిక లేక కుడి కట్టలోంచి ఒక కాగితం, దానితో ప్యాకెట్లు జరీనా చేతిలో పెట్టి, "అన్నీ కాయితంల ఉన్నయి బిడ్డా, అట్లనే చెయ్యుండ్రి" అన్నాను.

నాలుగో రోజు ఆమెను బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి గొట్టం పంపగానే డాక్టరు గారు ఆపేశారు. పేగు ఏమాత్రం శుభ్రం కాలేదు. పొడి ఎందుకు తాగలేదని గట్టిగానే కోప్పడ్డారు. ఆమె గోడ వైపు తిరిగి ఉంది. గుమ్మం దగ్గర నుంచి జరీనా అన్నది:

"కాయితంల పొడి ముచ్చటే లేదు సార్. రాత్రి నుంచి ఏం తినొద్దని ఉన్నది, తినలే. పొడి పరీక్ష అయినంక తాగేదనుకున్నం."

కాగితం ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. "ఇటియ్యి, నేను చూపిస్త" అని తీసుకొని, మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను. డాక్టరు గారితో, "నేను అన్ని చెప్పిన సార్, వాళ్లే ఇనలే" అన్నాను. పద్నాలుగేళ్ల మనిషి మాట ఆయన నమ్మారు. మూడు వారాల తర్వాతి తేదీ రాశారు.

బట్టలు సర్దుకుంటూ హుసేన్‌బీ నా వైపు చూడకుండానే అన్నది: "దినాం చూసేదే అంటివి గదక్కా. చూసిండు, తిట్టిండు. ఇగ సాలు."

ఇంటికి పోయేటప్పుడు ఆ కాగితాన్ని చింపి డ్రైనేజీలో వేశాను.

మూడు వారాలకు ఆమె రాలేదు. రిజిస్టరులో ఫోన్ నంబరు ఉంది. సిస్టరుతో ఒక మాట చెప్తే ఫోన్ చేసేది. చెప్తే మొదటిసారి ఏమైందన్న ప్రశ్న వస్తుందని ఊరుకున్నాను. ఒకవేళ అది మొలలే కావచ్చని కూడా నాకు నేను చెప్పుకున్నాను. మొలలకూ క్యాన్సర్‌కూ రక్తం ఒకేలా పడవచ్చని, పరీక్ష చేయకుండా తేల్చకూడదని ఆ గదిలో రోజూ వింటున్న మనిషినే నేను.

నాలుగు నెలల తర్వాత కడుపు ఉబ్బి, రెండు రోజులుగా గాలి కూడా పోక, వాంతులతో ఆమెను అత్యవసర విభాగానికి తెచ్చారు. ఎడమ పక్కన గడ్డ పెరిగి పేగు మూసుకుపోయింది. అదే రోజు ఆపరేషన్ చేసి గడ్డ ఉన్న భాగం తీసేశారు. శుభ్రం కాకుండా ఉబ్బిపోయిన పేగును వెంటనే కలిపి కుట్టడం ప్రమాదమని, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి, మలం అందులో పడేట్టు సంచి తగిలించారు. గడ్డ ముక్కను, దాని చుట్టూ ఉన్న గ్రంథులను పరీక్షకు పంపితే క్యాన్సరేనని, గ్రంథులకు కూడా పాకిందని వచ్చింది. నాలుగు నెలల ముందు దొరికితే ఎట్లా ఉండేదో ఖచ్చితంగా చెప్పలేమని డాక్టరు గారు అన్నారు. పేగు మూసుకుపోకముందే తీరిగ్గా ఆపరేషన్ జరిగేదని, బహుశా సంచి అవసరం పడేది కాదని మాత్రం అన్నారు.

సంచి మార్చడం తెలిసిన ఆయాను నేనే. ఆ పని మీద రోజూ పోయేదాన్ని. చర్మం ఒరుసుకుపోకుండా గోరువెచ్చని నీళ్లతో తుడిచి, తడి ఆరాక, కొసకు సరిపోయేట్టు రంధ్రం కత్తిరించి అతికించాలి. జరీనాకు నేర్పాను. ఆ పిల్ల నేర్చుకుంది కానీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో రోజు జరీనా మందులకు పోయినప్పుడు హుసేన్‌బీతో, ఆ కాగితం తప్పు నాదని, నాకు చదువు రాదని చెప్పాను.

"నాకెరుకనే," అన్నదామె. "నువ్వు జేబుల వెట్టుకునుడు నా బిడ్డ సూడలేదా?"

"మరి అప్పుడే సార్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్తే నమ్ముతుండెనా? నువ్వు దవాఖాన మనిషివి, నేను బల్ల మీద మనిషిని. నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆయనకు చెప్పు."

చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. హెడ్ సిస్టరుకు, ఆమెతో కలిసి డాక్టరు గారికి చెప్పాను. డాక్టరు గారు వార్డుకు పోయి, ఆ రోజు కోప్పడినందుకు తల్లీబిడ్డలను క్షమించమని అడిగారు. నాకు మెమో ఇచ్చారు. మెమో అంటే తప్పును రాసి సంజాయిషీ అడిగే కాగితం. అందులో ఏముందో ఆఫీసులో గుమాస్తా నలుగురి ముందు చదివి వినిపించాడు. అది విని సంతకం గీశాను. రెండేళ్ల ఇంక్రిమెంట్ ఆపారు, గది నుంచి తీసేశారు.

హెడ్ సిస్టరు ఆ ఏడాదంతా మధ్యాహ్నం అన్నాలయ్యాక నాకు అక్షరాలు నేర్పింది. యాభై రెండేళ్లకు కూడబలుక్కొని చదవగలిగాను. తర్వాత నన్ను మళ్లీ అదే గదిలో వేశారు. అప్పటి నుంచి కాగితం ఇచ్చాక, ఇంటికి పోయి ఏం చేస్తారో రోగి చేతనే తిరిగి చెప్పించుకునేదాన్ని. తేదీకి రానివాళ్లకు సాయంత్రంలోపు ఫోన్ పోయేట్టు చూసేదాన్ని.

హుసేన్‌బీకి హైదరాబాదులో ఆరు నెలలు కీమో, అంటే క్యాన్సర్ మందులు, ఎక్కించారు. ఆ తర్వాత పేగును మళ్లీ కలిపి సంచి తీసేశారు. తర్వాతి పరీక్షలకు తప్పకుండా వచ్చేది. ఈ జబ్బు వచ్చినవాళ్ల కడుపున పుట్టినవాళ్లు మిగతావాళ్ల కంటే చిన్న వయసులోనే కింది పరీక్ష చేయించుకోవాలని డాక్టరు గారు జరీనాకు రాసిచ్చారు. నేను రిటైరయ్యేదాకా హుసేన్‌బీ కనబడితే బాగున్నవా అక్కా అనేది. జరీనా తల తిప్పుకునేది. ఆ పిల్లది తప్పని నేను అనుకోలేదు.

నాకు తెలిసొచ్చింది ఇంతే. తప్పు కాగితం ఇచ్చింది చదువు రాక. దాన్ని జేబులో పెట్టుకున్నది చదువు రాక కాదు. అక్షరాలు వచ్చాక మొదటి తప్పు మళ్లీ జరగలేదు. రెండోది ఎంత చదువుకున్నవాళ్లయినా చేయగలరు.