బెర్నీస్ ఆంటీ ఎవరి చెల్లెలు?

మొన్న శనివారం మేముండే క్యారీ ఊళ్ళో సిగ్నల్ దగ్గర కారు ఆపితే, పక్కనున్న చర్చి పార్కింగ్‌లోంచి కట్టెపొగ, వెనిగర్, ఎండుమిరప కలిసిన మాంసం వాసన గుప్పున వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టనిదాన్ని. అయినా అద్దం దించి, వెనకవాడు హారన్ కొట్టేదాకా ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. ఎర్ల్ గారు గుర్తొచ్చారు.

ఆయన ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన నల్లజాతి మనిషి. యాభై రెండో ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి, బయటపడ్డాక, వైద్యం చేయించుకున్న క్లినిక్‌లోనే ఉద్యోగానికి చేరారు. అదే జబ్బుతో వచ్చే నల్లజాతి మగవాళ్ళతో మాట్లాడి, జన్యు పరీక్షకు ఒప్పించడం ఆయన పని. రెండువేల పద్నాలుగు ప్రాంతంలో చదువు ముగించుకుని నేనక్కడ జెనెటిక్ కౌన్సిలర్‌గా చేరాను. కుటుంబంలో ఎవరికి ఏ జబ్బు వచ్చిందో అడిగి, వంశవృక్షం గీసి, పరీక్ష ఎవరికి అవసరమో తేల్చాలి. కాగితం మీద ఆయన నాకు సహాయకుడు. చెవి మెలిపెట్టి పని నేర్పింది మాత్రం ఆయనే.

నాకప్పుడు నోరు జోరు, ఓపిక తక్కువ. ఒకరోజు ఒక పెద్దాయన, తన రక్తం ఇక్కణ్ణించి ఎక్కడికి పోతుందని అడిగాడు. అన్నీ ఇందులో ఉన్నాయి సర్ అంటూ ఫారం ముందుకు తోశాను. ఆయన మర్యాదగా థాంక్స్ చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. వాళ్ళ మంచికే చెబుతుంటే వినరేమిటని నేను విసుక్కుంటే ఎర్ల్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇంగ్లీషులో నువ్వు, మీరు తేడా లేకపోయినా ఆయన మాటలు నాకెప్పుడూ ‘నువ్వు’ అన్నట్టే వినిపించేవి.

“ఆయన నిన్నొక మాట అడిగాడు, మిస్ లలితా. నువ్వు కాగితం ఇచ్చావు. మా వాళ్ళకు చెప్పకుండా డాక్టర్లు మా ఒంటిమీద ఏమేం చేశారో తాతల నాటి నుంచీ వింటూనే ఉన్నాం. ఆ అనుమానాన్ని మొండితనం అనుకోకు.”

అప్పట్నుంచి శనివారాలు నన్ను చర్చి విందులకు తీసుకెళ్ళేవారు. అందరూ మాంసం తింటుంటే నేను క్యాబేజీ సలాడ్‌తో సరిపెట్టుకునేదాన్ని. ఆయన ఆ పొగలోనే నిలబడి, అడిగినవాళ్ళందరికీ రక్తం ఏ ల్యాబ్‌కు పోతుందో, రిపోర్టు ఎవరు చూస్తారో, ఎవరు చూడకూడదో ఓపిగ్గా చెప్పేవారు. తెలియనిది తెలియదనేవారు. సోమవారానికి కనుక్కుంటానంటే సోమవారం ఫోన్ వెళ్ళాల్సిందే.

ఇక నా ఘనకార్యం చెబుతాను. క్లారెన్స్ అనే ఆయన వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ప్రోస్టేట్ జబ్బు ఎముకలకు పాకింది. నాన్న గుండెపోటుతో పోయాడట, తమ్ముడు బాగానే ఉన్నాడట. తనను పెంచిన బెర్నీస్ ఆంటీ మాత్రం నలభై ఒకటో ఏట రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిందట. మనకు పక్కింటావిడ ఆంటీ, అమ్మ స్నేహితురాలు ఆంటీ, గుడిలో ప్రసాదం పెట్టే ఆవిడా ఆంటీయే. ఈవిడా అంతే అనుకుని, పేరు ఫైల్లో ఓ మూల రాసుకున్నానే గానీ వంశవృక్షంలో చేర్చలేదు. కుటుంబంలో ఎవరికీ లేదు, పరీక్ష అవసరం లేదు అని రాసేశాను. అతనికి ఇద్దరు కూతుళ్ళు.

మర్నాడు ఎర్ల్ గారు ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. “బెర్నీస్ ఎవరి చెల్లెలు?” అన్నారు. మా వాళ్ళలో అందరూ ఆంటీలేనండీ అన్నాను. ఆయన పకపకా నవ్వారు. “మా చర్చిలోనూ అంతే. అందుకే అడగాలి.” నవ్వు ఆపి ఫోన్ నా వైపు జరిపారు. క్లారెన్స్ ఫోన్ ఎత్తలేదు. పిన్నో, మేనత్తో ఒక్క మాట అడిగి ఉంటే తేలిపోయేది కదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ వారమే అతని ఇంటికి వెళ్ళాం. దారంతా, ఎర్ల్ గారు నా తరఫున సర్ది చెబుతారని ఆశపడ్డాను. ఆయన సోఫాలో ఓ మూల కూర్చుని, ఇక చెప్పు అన్నట్టు నా వైపు చూశారు. “మీ ఆంటీని నేను వదిలేశాను. ఎవరని అడగకుండా పరీక్ష అక్కర్లేదని రాశాను. తప్పు నాది” అన్నాను. ఆవిడ తన అమ్మకు స్వయానా చెల్లెలని క్లారెన్స్ చెప్పి, అది ఆడవాళ్ళ జబ్బు కదా, తనకేమిటి సంబంధం అన్నాడు. ఆ రెండు జబ్బులకూ ఒకే జన్యులోపం కారణం కావచ్చనీ, అది తల్లి వైపు నుంచి కొడుక్కీ రావచ్చనీ చెప్పాను. పరీక్ష వల్ల తన వైద్యం మారుతుందా అంటే, మాట ఇవ్వలేనన్నాను.

“అయితే నా నుంచి నా పిల్లలకు?” అన్నాడు.

వచ్చి ఉండవచ్చు అన్నాను. మర్నాడు పొద్దున్నే అతను క్లినిక్ తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు.

లోపం ఉందని తేలింది. ఆ చలికాలంలోనే అతను పోయాడు. పెద్ద కూతురు టాన్యాకు పరీక్షకు రమ్మని రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఆశ వదులుకున్నాక, ఒక మధ్యాహ్నం చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ల్యాబ్ సంగతి మొదలుపెడుతుంటే ఆపింది.

“ఆ క్లినిక్‌లో ఎవర్నీ నమ్మక్కర్లేదన్నాడు నాన్న. తన తప్పు తానే చెప్పుకోవడానికి మా ఇంటికొచ్చిన అమ్మాయి ఒకతి ఉంది, ఆమెను అడగమన్నాడు. అది మీరేనా?”

నేనేనన్నాను. అక్కచెల్లెళ్ళిద్దరూ రక్తం తీసుకోమని చేతులు చాపారు. ఎర్ల్ గారు రిటైరై చాలాకాలమైంది. కొత్తగా చేరే పిల్లలకు పాఠాలు నేనే చెబుతున్నాను. మొదటిరోజు ఈ కథే చెబుతాను, నా పేరు దాచకుండా.