సి నలభై రెండు వారి పెళ్లి

ఆ రోజుల్లో మా మణుగూరు బొగ్గు గనుల కాలనీలో మనుషులకు పేర్లుండేవి కానీ, వాటితో పెద్దగా పని ఉండేది కాదు. అందరం క్వార్టరు నంబర్లతోనే చలామణి అయ్యేవాళ్లం. సి నలభై రెండోళ్ల ఆవకాయ అంటే ఎవరిదో కాలనీ అంతటికీ తెలుసు. నేను సి నలభై ఒకటోళ్ల కంప్యూటరు పిల్లను. డిగ్రీ పూర్తి చేసి, ఖమ్మంలో ఆరు నెలలు హార్డ్‌వేర్ కోర్సు నేర్చుకుని, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని ఇంట్లో కూర్చున్న కాలమది. ఖాళీగా ఉన్న మనిషికి నలుగురికీ ఉపకారం చేయాలనిపించడం సహజం కదా.

ఆ ఉపకారానికి కారణం వానలు. చుట్టూ అడవి కావడంతో వానాకాలం వస్తే మా గోడలకే కాదు, బీరువాల్లో దాచుకున్న పెళ్లి క్యాసెట్లకూ బూజు పట్టేది. ఇంటికో క్యాసెట్ ఉండేది కానీ, మా వైపు పనిచేసే వీసీఆర్‌లు రెండే మిగిలాయి. (ఒకటి మాది. రెండోదాని నెత్తిన నాలుగు దెబ్బలు వేస్తే గానీ బొమ్మ వచ్చేది కాదు.) అందుకని అందరి పెళ్లిళ్లనూ మా కంప్యూటరులోకి ఎక్కించి, కంప్యూటరున్న ఇళ్లకు వైరు లాగి, ఎవరి పెళ్లి వాళ్లు ఇంట్లోనే చూసుకునేలా చేస్తానని ప్రకటించాను. పాత కంప్యూటరు ఒకదానికి రెండు పెద్ద హార్డ్‌డిస్కులు బిగించి, వంటింటి పక్కన అల్మారాలో పెట్టి, దాన్ని సర్వర్ అన్నాను. దసరాకు అమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టింది. షిఫ్టు చేసి వచ్చి పడుకునే నాన్న మాత్రం, గనిలో కూడా ఇంత చప్పుడు లేదన్నారు. వైరు పెరళ్ల మీదుగా నాలుగిళ్లకు వెళ్లింది. మూడో రోజుకే దాని మీద తడి చీరలు ఆరేశారు. పెళ్లి చూస్తుండగా బొమ్మ ఆగిపోయిందంటే, ఎవరో దుప్పట్లు ఉతికారని లెక్క.

ఎక్కించిన ప్రతి పెళ్లికీ క్వార్టరు నంబరే పేరుగా పెట్టాను. మా దగ్గర అంతకన్నా గట్టి గుర్తు ఇంకేముంటుందని నా నమ్మకం. మొదట ఎక్కించింది సి నలభై రెండు, అంటే మా పక్కింటి అత్తమ్మ పెళ్లి. క్యాసెట్ తిరిగిచ్చేటప్పుడు, ఇక దీంతో పని లేదని, పెళ్లి నా దగ్గర భద్రంగా ఉందని చెప్పాను. పాపం, అత్తమ్మ నమ్మింది. ముదిగొండ నుంచి వచ్చిన వాళ్ల తమ్ముడికి ఆ క్యాసెట్ ఇచ్చేస్తే, ఆయన అందులోని టేపంతా లాగి జొన్నచేను చుట్టూ కట్టాడు. అత్తమ్మ పెళ్లి ఎండలో తళతళలాడుతూ పిట్టల్ని బెదరగొడుతోందని విని అందరం హాయిగా నవ్వుకున్నాం.

మరుసటి ఏడాది మామయ్యకు ప్రమోషన్ వచ్చి, వాళ్లు కాలనీ అవతలి కొసన పెద్ద క్వార్టరుకు మారారు. సి నలభై రెండులోకి బోనకల్ వైపు నుంచి కొత్త జంట వచ్చింది. వాళ్ల పెళ్లి కూడా ఎక్కించి, అలవాటుగా సి నలభై రెండు అని పేరు పెట్టాను. ఈ పేరుతో ఇదివరకే ఒకటుంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టాలా అని కంప్యూటరు మర్యాదగానే అడిగింది. కంప్యూటరు ఏదడిగినా అవుననాలి అన్నది ఆరు నెలల కోర్సులో నాకు బాగా వంటబట్టిన పాఠం. అవునని నొక్కాను.

ఆ ఏడే అత్తమ్మ వాళ్ల నాయన పోయారు. ఏడాది తిరిగినప్పుడు తన ఇంట్లోనే పెట్టిన భోజనాలయ్యాక, తమ్ముళ్లనూ చుట్టాలనూ వెంటపెట్టుకుని అత్తమ్మ మా ఇంటికి వచ్చింది.

"ఫోటోలైతే ఉన్నయి బిడ్డా. మా నాయన నడిచేది, నవ్వేది గా పెళ్లిలనే ఉన్నది. మల్ల యాడ లేదు" అంది.

సి నలభై రెండు పెట్టాను. పది నిమిషాల దాకా ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటి పెళ్లి వీడియోలన్నీ ఒకటే తీరు: పైనుంచి రాలే గులాబీలు, తల దించుకున్న పెళ్లికూతురు, పందిట్లో ఎవరెవరో. పెద్ద తమ్ముడు ఒకాయన్ని చూపించి మన మేనమామే అన్నాడు. ఒక ముసలావిడ తనను తాను గుర్తుపట్టి మురిసిపోయింది కూడా. ఇంతలో పెళ్లికూతురు తలెత్తింది.

"గీమె నేను కాదు బిడ్డా" అంది అత్తమ్మ మెల్లగా.

సర్వరంతా వెతికాను, లేదు. ఏం జరిగిందో దాచకుండా చెప్పేశాను. అత్తమ్మ కొంగు ఒళ్లో పెట్టుకుని ఆ తెర వంకే చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. నేను అక్కడ ఉండలేక పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

మా వెనక వరసలో దర్జీ చాచా ఉండేవాడు. నేను వైరు లాగిన నాలుగిళ్లలో వాళ్లదొకటి. గోడ మీదుగా చూసి ఏమైందని అడిగాడు. అంతా విని బట్టతల గోక్కుంటూ కాసేపు తటపటాయించాడు.

"ఒక్క ముక్క నా దగ్గర ఉన్నది బేటీ. గా పెళ్లికి బట్టలు కుట్టింది నేనే. భోజనాల బంతిల కూసున్న కాడ నా జుట్టు మస్తుగ కనిపిస్తది. రోజూ చూసుకుందామని మా పెద్దపిల్లతోని గంతవరకు కత్తిరించి మా కంప్యూటర్ల పెట్టిచ్చుకున్న. ఎవ్వలకు చెప్పకు."

అందరం చాచా ఇంటికి నడిచాం. ఉన్నది మూడు నిమిషాలు. విస్తరి ముందు ఒత్తైన జుట్టుతో పడుచు చాచా. నెయ్యి గిన్నెతో వంగిన తెల్లపంచె పెద్దమనిషి. చాలు చాలంటూ చాచా విస్తరికి చేతులు అడ్డం పెడితే, ఆయన నవ్వుతూ ఆ వేళ్ల మీదే నెయ్యి పోశాడు. ఆయనే అత్తమ్మ వాళ్ల నాయన. అత్తమ్మ ఏడుసార్లు వేయించుకుని చూసింది. (ఆ రోజు చాచా తన జుట్టు వైపు ఒక్కసారి కూడా చూసుకోలేదు.)

తాళి కట్టేది, తలంబ్రాలు, అన్నీ పోగొట్టానని నేను మళ్లీ మొదలుపెట్టబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తాళి కట్టినాయన ఇంట్లనే ఉన్నడు. రోజూ చూస్తనే ఉన్న. నాకు మా నాయన కావాలె, దొరికిండు. నువ్వు ఏడ్వకు."

ఆ ఉద్యోగం చివరికి నన్ను వెతుక్కుంటూ రాలేదు, నేనే హైదరాబాదు వెళ్లి వెతుక్కున్నాను. ఇప్పుడు ఇతరుల సమాచారం పోకుండా కాపలా కాయడమే నా పని. దేన్నైనా మూడు చోట్ల దాస్తాను. నాది మరీ చాదస్తమని ఆఫీసులో పిల్లలు వెనక నవ్వుకుంటారని తెలుసు. తీసేసి కొత్తది పెట్టాలా అని యంత్రం అడిగినప్పుడల్లా నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. అల్మారా ముందు కూర్చుని ధీమాగా అవునని నొక్కిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా వేస్తుంది.

చాచా దగ్గర ఎక్కించుకున్న ఆ మూడు నిమిషాలకు ఇప్పుడు నంబరు లేదు. "అత్తమ్మ వాళ్ల నాయన నెయ్యి పోస్తున్నది" అని ఇంత పొడుగు పేరు పెట్టాను. ఏటా ఆయన పోయిన రోజున అత్తమ్మ ఫోన్ చేస్తుంది. బాగోగులన్నీ అయ్యాక చివర్లో, "నాయన ఉన్నడా బిడ్డా?" అని అడుగుతుంది. నేను ఫోన్ పట్టుకునే వెళ్లి, మూడు చోట్లా తెరిచి చూసి, అప్పుడు చెబుతాను, ఉన్నాడని.